కంటి కొలత, చెవి కొలత

బొబ్బిలి యనగానే విద్యార్థికి 1757 నాటి యుద్ధము, సంగీతజ్ఞునకు వీణ జ్ఞప్తికి వచ్చును. గణితోపాధ్యాయునకును అచ్చట ఒక పాఠము కలదనిన కొందరు నవ్వవచ్చును.

బొబ్బిలి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబములవారు వీణను ఒకే పనసదుంగ నుండి తొలుచుదురు. ఇదియే ఏకాండి వీణ. కుండ వేఱు, దండి వేఱు అని కన్ను విడదీసి లెక్కించును; తడిమి చూచినచో రెండింటి నడుమ అతుకు చేతికి తగులదు. కుండపై మూతపలక మాత్రము వేఱు.

అంతకన్న విచిత్రమైనది మెట్ల వరుస. దండిమీద మైనమున నిలిపిన ఇత్తడి మెట్లు 24. మ్రోగు తీగె పొడవు 80 సెంటీమీటర్లనుకొందము. 12వ మెట్టు సగమున, అనగా 40 వద్ద పడవలెను. 24వది ఆ సగములో సగమున. ఒక్కొక్క మెట్టునకు మిగులు తీగె ముందటిదానిలో సుమారు 0.944 వంతు. పాఠ్యపుస్తకములోని గుణశ్రేఢి ఇదియే. కావున మొదటి సందు సుమారు 4.5 సెంటీమీటర్లైనచో, కడపటిది 1.2 మాత్రమే.

బొబ్బిలి జంక్షనులో నిలిచి సాలూరు పట్టాలవంక చూచిన, క్రింది దిమ్మెలు సమదూరమున నుండియు దూరమైనకొలది దగ్గఱైనట్లు తోచును. వీణలో దీనికి తలక్రిందు: మెట్లు నిజముగనే దగ్గఱగుచుండగా, యాళిముఖము వైపునుండి చూచువానికి అవి సమదూరమున సాగిపోవుచున్నట్లు భ్రమ కలుగును, దండి ఉన్నదానికన్న పొడవనిపించును. కుండ వైపునుండి చూచినచో ఎదుటి సందులు చిన్నవి, దూరపువి పెద్దవి. రెండును ఒకదాని నొకటి కొట్టివేసికొని దండి కుఱుచయైనట్లుండును. ఏది నమ్మవలెనో కన్ను తేల్చుకొనలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున బ్రయాన్ మెక్కే, అహ్మద్ అబాస్ 1999లో నిలిపిన 13.5 మీటర్ల లోహత్రికోణమును ఇట్టిదే. తగినచోట నిలిచి చూచిన మూడు మూలలును కలిసి, జరుగరాని త్రికోణమగును. పది అడుగులు ప్రక్కకు జరిగినచో విడిపోయిన కమ్ములు. అచ్చటి శిల్పులు కంటిని మోసగించుటకే పూనుకొనిరి. గొల్లపల్లి పనివానికి అట్టి ఉద్దేశము లేదు. అతడు చెవిని తృప్తిపఱచెను. కంటికి కలిగిన తికమక దాని వెంట వచ్చినది.

ఐనను లెక్కయొకటే చాలదు. మెట్టుమీద నొక్కినప్పుడు తీగె బిగిసి స్వరము రవంత హెచ్చును. అందువలన మైనము మెత్తగా నుండగనే మెట్టును వెండ్రుకవాసి జరుపుచు, మీటి వినుచు అమర్తురు. ఇది ఏండ్ల తరబడి అలవడు విద్య.

నేడు గొల్లపల్లిలో జ్ఞాపికలుగా నిచ్చు చిన్న వీణలును తయారగుచున్నవి. వాని అమ్మకము పనివారికి ఆసరా, దానిని తప్పుపట్టరాదు. కాని అలంకారమునకై చేసిన వీణపై మెట్లకు శ్రుతితో పనిలేదు. మెట్టు జరిపి వినవలసిన అక్కఱయు లేదు. చేతులు చెక్కుట మఱువవు గాని, చెవులు మఱచు ప్రమాదము కలదు.

బహుమతిగా వచ్చిన అట్టి వీణ ఏ పాఠశాల బీరువాలోనైన నున్నచో ఉపాధ్యాయులు దానిని క్రిందికి దింపి, మెట్లెన్నియో పిల్లలచేత లెక్కింపజేసి, 12వది సగమున పడినదో లేదో స్కేలుతో కొలిపింపవచ్చును.