గని కార్యాలయమున సిబ్బంది శాఖ

మందమర్రి గృహిణులలో గనిలోనికి దిగి చూచినవారు మిక్కిలి యరుదు. కాని గని కార్యాలయమునందలి సిబ్బంది శాఖతో బనిపడని యిల్లాలును అరుదే. పూర్వము దీనిని పర్సనల్ డిపార్టుమెంటనుచుండిరి. ఇప్పుడు మానవ వనరుల శాఖ యనుచున్నారు. మనుష్యుని వనరనుట మాకంతగా రుచింపదు; బొగ్గువలె త్రవ్వి తీసికొనదగినవాడని ధ్వనించుచున్నది.

సింగరేణి బొగ్గుగనుల సంస్థ 1920 లో నీ పేర నేర్పడినది. 1955 నాటి గనుల నిబంధనల ప్రకారము 2025 వఱకు 500 మందిగాని యంతకు మించిగాని పనిచేయు ప్రతి గనికిని సంక్షేమాధికారి యుండవలసియుండెను. అతని జీతము యజమాని యిచ్చును. అతడు చూడవలసినది కార్మికుని మేలు. కౌరవుల కొలువున నుండియు బాండవుల హితము పలికిన విదురుని చిక్కు ఇట్టిదే కదా! ఇరువైపులవారును అతనిని పరాయివానిగనే చూతురు.

మేనేజరు దృష్టి వేఱు. షిఫ్టు మొదలగు వేళకు మనుష్యులు చాలవలెను. పైకప్పునకు దన్ను పెట్టువాడు రానిచో బొగ్గు తీయువాడును చేతులు ముడుచుకొని నిలువవలసినదే. కావున సిబ్బంది శాఖవారు గైర్హాజరు తగ్గింపవలెను, తగాదాలు ముదురనీయరాదు. ఆయన కోరునది యింతియే. కార్మికునకో, చార్జిషీటు వచ్చునది యచ్చటినుండియే, క్వార్టరునకు దరఖాస్తు పెట్టునది యచ్చటనే. శిక్షయు వరమును ఒకే బల్లమీదినుండి వచ్చుచుండ మనసు విప్పి మాటలాడుటెట్లు? అందుచేతనే యనేకులు యూనియను పిట్ సెక్రటరీని వెంటబెట్టుకొని పోవుదురు.

గనుల చట్టము ప్రకారము 2025 వఱకు భూగర్భమున బనిచేయువాడు సంవత్సరమునకు 190 మస్టర్లును, ఉపరితలమున బనిచేయువాడు 240 మస్టర్లును నింపినగాని జీతముతోడి సెలవునకు హక్కు కలిగెడిది కాదు. మస్టర్లు మిక్కిలి తగ్గినవారిని పిలిచి హితవు చెప్పునప్పుడు భార్యలనుగూడ రమ్మందురు. ఇచ్చట మన సంగతి వచ్చినది. ఆయన యేల రాలేదని యడిగినచో ఆమె యేమి చెప్పవలెను? త్రాగుడని చెప్పినచో ఇంటికి వచ్చినపిమ్మట ఆమె గతి యేమి? నడుమునొప్పి యన్నచో ఆసుపత్రి కాగితమేదని యడుగుదురు. అప్పులవాని భయముచే ఊరు విడిచి తిరిగినాడని నలుగురిలో నెట్లు చెప్పును? తుదకు తల వంచుకొని, "ఇకమీదట పంపెదనయ్యా" యని వచ్చును. భార్యను పిలుచుట తప్పని మేమనము. ఆమెను వేఱుగా, వీలైనచో స్త్రీ యుద్యోగినిచేత, నెమ్మదిగా నడిగించినచో నిజము తెలియును. నలుగురియెదుట నిలిపినచో నామె మొగము చిన్నబోవుటయే ఫలము.

మఱియొక మాట. సర్వీసు రికార్డులో భార్యాబిడ్డల పేర్లును, పుట్టిన తేదులును వ్రాసియుందురు. ఇంట బిలుచు పేరొకటి, ఆధారు కార్డులో నింకొకటి, బడిలో వేఱొకటి యైనచో, భర్త మరణించిననాడు భవిష్యనిధికిని పింఛనుకును ఆ తేడాయే యడ్డుపడును. పుట్టెడు దుఃఖములో నున్న యిల్లాలు అప్పుడు అఫిడవిట్లకై తిరుగవలసివచ్చును. సోదరీమణులారా, ఈ వారాంతపు సెలవునాడే మీ యింటి కాగితములన్నియు ఒకచోట బెట్టి పేర్లు సరిచూచుకొనుడు. రికార్డులో నెట్లున్నదో సోమవారమున భర్తచే నడిగించుడు.