గాలికి ఎదురెళ్లే పడవ పిల్లలకు ఏం నేర్పుతుంది?

పుదుచ్చేరి పట్టణ తీరంలో కురుచికుప్పం ఒక మత్స్యకారుల పేట. ఒకప్పుడు కోరమండల్ తీరంలో తెప్పలు తెరచాపలతో వేటకు వెళ్లేవి. ఇంజిన్లు వచ్చాక తెరచాప అవసరం తగ్గింది. దానితో పాటే, గాలిని చూసి పడవ నడిపే నేర్పు తర్వాతి తరానికి అందడమూ తగ్గింది. ఆ నేర్పును పిల్లలకు క్రమపద్ధతిలో అందించేదే తెరచాప పడవ శిక్షణ.

గాలివాలున పడవ సాగడం సులభంగానే అర్థమవుతుంది. మరి ఎదురుగాలిలో ఎలా ముందుకు పోతుంది? ఒంపు తిరిగిన తెరచాప గాలి దారిని మళ్లిస్తుంది. అందుకు ప్రతిచర్యగా తెరచాపపై బలం పనిచేసి, పడవను కొంత ముందుకు, ఎక్కువగా పక్కకు నెడుతుంది. పడవ అడుగున నీటిలోకి దించిన నిలువు పలక పక్కకు జారకుండా అడ్డుకుంటుంది. కాబట్టి పడవ ముందుకే కదులుతుంది. అయితే గాలికి సూటిగా ఎదురు వెళ్లడం ఏ తెరచాప పడవకూ సాధ్యం కాదు. సుమారు 45 డిగ్రీల కోణంలో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మలుపులు తిరుగుతూ గమ్యం చేరాలి.

1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ రూపొందించిన 'ఆప్టిమిస్ట్' పడవ పిల్లల శిక్షణకు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. పొడవు సుమారు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. చుక్కాని, తాడు రెండూ ఒక్క పిల్లవాడి చేతిలోనే ఉంటాయి. అంచనా తప్పితే ఎవరూ మందలించనక్కర్లేదు. తెరచాప రెపరెపలాడి పడవ నిలిచిపోతుంది. సరిదిద్దుకుంటే వెంటనే కదులుతుంది. గమనించడం, నిర్ణయించడం, ఫలితం చూసి మార్చుకోవడం ఇలా అలవాటవుతాయి. పెద్ద ఓడల్లో దీనికి జట్టు పని తోడవుతుంది. భారత నౌకాదళం 1997 నుంచి 'ఐఎన్ఎస్ తరంగిణి'పై శిక్షణ ఇస్తున్నది అందుకే.

ఈ అవకాశం సంపన్నులకే పరిమితం కానక్కర్లేదు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకూ శిక్షణ ఇస్తోంది. వారిలో కొందరు జాతీయ పోటీల్లో పతకాలు గెలిచారు. పుదుచ్చేరికి చెందిన నౌకాదళ అధికారిణి రూపా అళగిరిసామి, సహచరి దిల్నాతో కలిసి 'తారిణి' తెరచాప నౌకపై 2024 అక్టోబరు నుంచి 2025 మే వరకు ప్రపంచాన్ని చుట్టివచ్చారు.

ఒక జాగ్రత్త అవసరం. శిక్షణ పొందిన పిల్లల్లో ధైర్యం కనిపించినంత మాత్రాన అది శిక్షణ వల్లే వచ్చిందనలేం. ధైర్యం ఉన్నవారే చేరి ఉండవచ్చు. శిక్షణ లేని పిల్లలతో పోల్చి, కొన్ని నెలల తర్వాత మళ్లీ పరిశీలించినప్పుడే అసలు ప్రయోజనం తేలుతుంది. ఈత, లైఫ్ జాకెట్, వెంట రక్షణ పడవ లేనిదే శిక్షణ మొదలుపెట్టకూడదు. ఇవి సమకూరితే, సముద్రం పక్కనే పెరిగే పేట పిల్లలకు భౌతికశాస్త్ర ప్రయోగశాల ఇంటి ముందే ఉన్నట్టు.