భువనగిరి బండ నుంచి లద్దాఖ్ మంచుగోడ దాకా

ఇన్‌స్టాలో ఆ రీల్ మీరూ చూసే ఉంటారు. గడ్డకట్టిన జలపాతం, దాని మీద బల్లిలా అతుక్కుని ఓ అమ్మాయి. రెండు చేతుల్లో రెండు చిన్న గొడ్డళ్లు, బూట్ల ముందు ఇనుప ముళ్లు. టక్ టక్‌మని కొట్టుకుంటూ పైకి పోతూ ఉంటుంది. కింద కామెంట్లలో సగం 'లొకేషన్ ప్లీజ్' అనే ఉంటాయి. సరే, లొకేషన్లు చెప్పుకుందాం. వాటితో పాటు రీల్‌లో కనపడని సంగతులు కూడా కొన్ని చెప్పుకోవాలి. ఎందుకంటే హిమాచల్, లద్దాఖ్‌లలో ఎక్కడానికి బండలు, మంచుగోడలు బోలెడు. అక్కడ పొరపాటు జరిగితే అంబులెన్సు వచ్చే దారే ఉండకపోవచ్చు.

ఈ ఆట మనవాళ్లకి కొత్తేం కాదు. హైదరాబాద్ నుంచి గంట, గంటన్నర ప్రయాణం చేస్తే భువనగిరి. కోట కట్టిన ఆ కొండంతా ఒకే పెద్ద రాయి. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తాళ్లు కట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది ఆ బండ మీదే. అక్కణ్నుంచి డార్జిలింగ్, తర్వాత చలికాలంలో లద్దాఖ్, చివరికి 2014 మే 25న ఎవరెస్ట్. అప్పటికి పూర్ణకి ఇంకా 14 ఏళ్లు నిండలేదు. నేను అదే బండ మీద మొదటిసారి తాడు కట్టుకున్నప్పుడు ఇరవై అడుగుల ఎత్తులోనే కుడికాలు కుట్టుమిషన్ తొక్కినట్టు టకటకా ఆడింది. క్లైంబర్లు కూడా దాన్ని కుట్టుమిషన్ కాలు అనే అంటారట. పరువు పోయినా, పేరుందని తెలిసి కాస్త ఊరట కలిగింది.

మనాలి చుట్టూ రాళ్లే రాళ్లు

హిమాలయాల్లో రాయి ఎక్కాలనుకునేవాళ్లకి సులువైన మొదటి మెట్టు మనాలి. ఊళ్లోంచి సోలాంగ్ వెళ్లే దారిలో నెహ్రూ కుండ్ వస్తుంది. ఆ చుట్టుపక్కల బియాస్ నది ఒడ్డున పెద్ద పెద్ద గుండ్లు పడి ఉంటాయి. ఇక్కడ చేసేది బౌల్డరింగ్. అంటే తాడు లేకుండా తక్కువ ఎత్తున్న గుండ్లు ఎక్కడం. కింద క్రాష్ ప్యాడ్ అనే మందపాటి పరుపు వేస్తారు. పక్కన ఒకరిద్దరు చేతులు చాచి నిలబడతారు. వాళ్ల పని మిమ్మల్ని పట్టుకోవడం కాదు, పడేటప్పుడు తల కాకుండా కాళ్లు ముందు పరుపుకి తగిలేలా చూడడం. మనాలి పైన, హంప్టా వైపు ఉన్న సేథన్ ఊళ్లో కూడా ఇలాంటి గుండ్లున్నాయి. జనం తక్కువ, చుట్టూ దేవదారు చెట్లు. కొత్తవాళ్లని నేనైతే ముందు ఇక్కడికే పంపుతాను.

అసలైన బౌల్డరింగ్ పిచ్చోళ్ల అడ్డా మాత్రం ఛత్రు. రోహ్‌తంగ్ అవతల లాహౌల్‌లో, చంద్రా నది ఒడ్డున, స్పితి వెళ్లే దారిలో ఉంటుంది. 2020 అక్టోబరులో తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక లాహౌల్ చేరడం బాగా తేలికైంది. సొరంగం దాటాక ఛత్రు దాకా ఉన్నది మాత్రం పాత గతుకుల దారే. దాదాపు 3,300 మీటర్ల ఎత్తు, గ్రానైట్ గుండ్లు, రెండు మూడు దాబాలు, టెంట్లు... అంతే. సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి తిరగడం దండగ. జులై నుంచి సెప్టెంబరు దాకా సీజన్. ఆ లోయలోకి రుతుపవనాల వాన పెద్దగా రాదు కాబట్టి మనాలి తడిసి ముద్దవుతున్నప్పుడు కూడా ఛత్రులో రాయి పొడిగా ఉండొచ్చు.

అలాగని వానాకాలాన్ని లైట్ తీసుకోవద్దు. 2023 జులై గుర్తుందిగా? బియాస్ వరదకి మనాలి రోడ్లు కొట్టుకుపోయాయి. ఛత్రు దారిలోనే ఇంకా ముందుకి వెళ్తే వచ్చే చంద్రతాల్ దగ్గర 300 మంది దాకా మంచులో ఇరుక్కుపోయారు. రోజుల తరబడి మంచు తవ్వి వాళ్లని బయటికి తెచ్చారు. ఆ రూట్లో ప్లాన్ వేస్తే రెండు మూడు రోజులు ఎక్కువే రాసుకోండి, తిండి కూడా ఎక్కువే పట్టుకెళ్లండి.

ఇంకోవైపు, కిన్నౌర్‌లో సాంగ్లా దాటాక రక్‌ఛమ్ అనే ఊరుంది. ఆస్ట్రియాకి చెందిన బౌల్డరర్ బెర్న్డ్ జాంగర్ల్ ఏళ్ల తరబడి అక్కడికి వచ్చి కష్టమైన రాళ్ల మీద పని చేశాడు. కార్గిల్ దగ్గరి సురు లోయలోనూ గ్రానైట్ గుండ్లు కొల్లలు. లేహ్ పక్కనే ఉన్న షే దగ్గర తాడుతో ఎక్కే స్పోర్ట్ రూట్లున్నాయి. రాతికి ముందే బోల్టులు కొట్టి ఉంటాయి, తాడుని వాటికి తగిలించుకుంటూ పైకి పోవడమే. లాహౌల్‌లోని మియార్ లోయ పేరు కూడా వింటారు. నిలువెత్తు గ్రానైట్ గోడలు, కింద హిమానీనదం, రోజుల తరబడి నడక. అది మీకూ నాకూ కాదు. అనుభవం ఉన్న ఎక్స్‌పెడిషన్ టీముల చోటు అది.

మంచు అంటే ఫ్రీజర్‌లో ఐసు కాదు

రీల్‌లో చూసిన ఆ జలపాతాలు ఎక్కువగా స్పితిలో, లద్దాఖ్‌లో ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో స్పితిలో రాత్రిళ్లు మైనస్ 25 డిగ్రీల దాకా పడిపోతుంది. లింగ్‌టి లాంటి చోట్ల జలపాతాలు ఎక్కడికక్కడ బిగుసుకుపోతాయి. మనాలి నుంచి స్పితి వెళ్లాలంటే దాటాల్సిన కుంజుమ్ కనుమ 4,500 మీటర్ల పైన ఉంది, చలికాలమంతా మంచుతో మూసుకుపోతుంది. అందుకే సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా, టాబో దాటుకుని కాజా చేరాలి. తొందరపడకుండా రెండు మూడు రోజులు పడుతుంది. ఒకరకంగా అదే మంచిది, ఒంటికి ఎత్తు మెల్లగా అలవాటవుతుంది.

లద్దాఖ్ కథ వేరు. అక్కడ మంచుని పండిస్తారు. నిజంగానే! చలికాలంలో వృథాగా పోయే వాగు నీటిని మళ్లించి గడ్డకట్టించి, వేసవి మొదట్లో చేలకి వాడుకునే పద్ధతిని ఇంజనీర్ చేవాంగ్ నోర్ఫెల్ ఊరూరా చేసి చూపించాడు. ఆయనకి 2015లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత సోనమ్ వాంగ్‌చుక్ ఐస్ స్తూపం తెచ్చాడు. ఎత్తులో ఉన్న వాగు నుంచి పైపు వేస్తే, కరెంటు లేకుండానే నీళ్లు ఫౌంటెన్‌లా పైకి చిమ్ముతాయి. చలిగాలికి అక్కడికక్కడే గడ్డకట్టి శంకువులా పేరుకుంటాయి. నీళ్ల కోసం నేర్చిన ఈ కిటుకు ఎక్కడానికీ పనికొచ్చింది. లేహ్ నుంచి ఖర్దుంగ్‌లా వెళ్లే వైపున్న గాంగ్లెస్ ఊళ్లో స్థానిక కుర్రాళ్లు ఇలాంటి మంచుగోడల మీదే సాధన చేస్తున్నారు. అమెరికాలోని యూరే పట్నం కూడా లోయ అంచున పైపులు వేసి ఇలాగే ఐస్ పార్క్ నడుపుతోంది. మన దగ్గర మాత్రం ఆ మంచు మీద ముందు హక్కు చేలది. ఊరివాళ్లని అడగకుండా స్తూపం మీద గొడ్డలి వేయకండి.

ఇక ఎక్కడం. రాయి మీద పట్టు నిన్నా ఉంది, రేపూ ఉంటుంది. మంచు గంట గంటకీ మారుతుంది. తెల్లవారుజామున బాగా చలిగా ఉన్నప్పుడు గొడ్డలి వేస్తే కంచమంత పెచ్చు ఊడి మొహం మీదికి వస్తుంది. మధ్యాహ్నం ఎండ తగిలితే అదే గోడ మెత్తబడి కారుతుంది. అందుకే కింద తాడు పట్టుకునే మనిషి సరిగ్గా కింద కాకుండా పక్కకి జరిగి నిలబడాలి. హెల్మెట్ అతనికీ తప్పనిసరి. ముందుండి ఎక్కేవాళ్లు బోలుగా ఉండే ఐస్ స్క్రూలని మంచులోకి తిప్పి, వాటికి తాడు తగిలిస్తారు. అయినా మంచు మీద లీడర్ పడకూడదన్నది పాత నియమం. పడితే బూటు ముళ్లు గోడకి పట్టుకుని చీలమండ విరుగుతుంది. కొత్తవాళ్లు పైన కట్టిన తాడుతో, టాప్ రోప్ మీదే ఎక్కాలి. 'మీరు బాగా చేస్తున్నారు, లీడ్ చేసేయండి' అని మొదటి రోజే ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి.

తలనొప్పి వస్తే దాచకండి

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఎక్కేటప్పుడు కాదు, ఎత్తు వల్ల. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పొద్దున్నే ఫ్లైట్ ఎక్కి, ఢిల్లీలో మారి, 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో దిగుతారు. ఆ సాయంత్రమే శాంతి స్తూపం మెట్లెక్కి సెల్ఫీ! నేనూ ఆ తప్పు చేశాను. రాత్రికి తల పగిలిపోయింది, అన్నం చూస్తే వాంతి. టీమ్‌కి చెప్తే వదిలేసి వెళ్తారేమోనని నోరు మెదపలేదు. పొద్దున మా గైడ్ నా మొహం చూసి హార్నెస్ లాక్కున్నాడు. అప్పుడు కోపం వచ్చిన మాట నిజం.

మొదటి రెండు రోజులు పూర్తిగా రెస్టు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు. తలనొప్పి, వికారం ఉంటే పైకి వెళ్లొద్దు. తగ్గకపోయినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా వెంటనే కిందికి దిగాలి, అర్ధరాత్రైనా సరే. మాత్రలు వాడాలా వద్దా అన్నది బయలుదేరే ముందే డాక్టర్ని అడగండి.

సీరియస్‌గా నేర్చుకోవాలనుకుంటే మనాలి, ఉత్తరకాశీ, డార్జిలింగ్‌లలోని పర్వతారోహణ సంస్థల బేసిక్ కోర్సు చూడండి. దాదాపు నెల రోజులు. రాయి, మంచు, రెస్క్యూ అన్నీ అందులోనే నేర్పుతారు. ప్రైవేటు ట్రిప్పులతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ, సీట్లు మాత్రం నెలల ముందే నిండిపోతాయి. ఈలోపు భువనగిరి ఉండనే ఉంది, ఆదివారం పొద్దున బస్సెక్కితే చాలు.

లద్దాఖ్‌కే వెళ్తున్నారా? బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లండి. చలికి బ్యాటరీ కళ్లముందే పడిపోతుంది కాబట్టి ఫోన్, పవర్ బ్యాంక్ జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. జనవరిలో లేహ్ ఫ్లైట్లు మంచుకి రద్దవుతుంటాయి. ఆఫీసులో సెలవు అడిగేటప్పుడే రెండు రోజులు కలిపి అడగండి.