వజ్రం బరువు, వజ్రం వెలుగు

మొన్నామధ్య మైపాడు తీరంలో ఒక ఇంట కుటుంబ ప్రార్థన ముగిశాక, ఆ ఇంటి తల్లి తన ముక్కుపుడక తీసి నా చేతిలో పెట్టింది. "అయ్యగారూ, ఇది మా అమ్మది. మెరుపే లేదు. గాజురాయేమో, వచ్చిన కాడికి అమ్మేద్దామనుకుంటున్నాం" అంది.

వజ్రమనగానే మనకు మెరుపే గుర్తొస్తుంది. బైబిలు చదివేవారు గమనించండి. యిర్మీయా 17వ అధ్యాయంలో వజ్రం అంటే చెక్కే మొన. యెహెజ్కేలు 3వ అధ్యాయంలో ప్రవక్త నుదుటికి అది పోలిక. హెబ్రీలో రెండుచోట్లా 'షామీర్' అనే మాటే. గట్టిదనమే తప్ప మెరుపు ఊసు లేదు. గనిలో దొరికే ముడి వజ్రం పటికముక్కలాగే ఉంటుంది. మెరుపు సానలో రావాలి.

ఆమె కొడుకు సముద్రంలో మునిగి ఈదేవాడు. నీళ్లలోంచి ఏటవాలుగా పైకి చూస్తే ఏం కనబడుతుందని అడిగాను. "ఆకాశం కనబడదయ్యగారూ, అద్దంలా ఉంటుంది" అన్నాడు. వజ్రంలో జరిగేదీ అదే. నీటిలోని వెలుగు నిట్టనిలువుకు సుమారు 49 డిగ్రీలు మించి వాలి పైపొరను తాకితే బయటపడలేక వెనక్కి మళ్లుతుంది. వజ్రంలోనైతే 24 డిగ్రీలు దాటితే చాలు. పైనుంచి దూరిన వెలుగు అడుగు ముఖాలకు తగిలి మళ్లీ పైకే వచ్చి మన కంటిని చేరుతుంది. అడుగు మరీ పలచనైతే వెలుగు కిందికి, మరీ లోతైతే పక్కలకు జారిపోతుంది. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ లెక్కగట్టి, అడుగు వాలు 40.75 డిగ్రీలు ఉండాలన్నాడు.

కృష్ణా తీరాన కొల్లూరులో దొరికిందని చాలామంది చెప్పే కోహినూరు, 1851లో లండన్ ప్రదర్శనలో జనాన్ని నిరాశపరిచింది. మన పాత సానవాళ్లు బరువు పోకుండా ముఖాలు తీర్చేవారు మరి. 1852లో ఆమ్‌స్టర్‌డామ్ పనివారిని రప్పించి, ఆవిరి యంత్రపు చక్రం మీద 38 రోజులు అరగదీయించారు. 191 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లయింది. మెరుపు పెరిగింది, నిజమే. కానీ పొడిగా రాలిన ఆ 85 క్యారెట్లు తలుచుకుంటే నా మనసు ఒప్పదు. మనవాళ్ల చేతిపని ఆనవాలు కూడా అందులోనే పోయింది.

ముక్కుపుడకకు సాన అవసరం లేదు. వజ్రానికి నూనెజిడ్డు ఇట్టే అంటుతుంది. అడుగున జిడ్డు పేరుకుంటే వెలుగు మళ్లాల్సిన చోట మళ్లదు. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, మెత్తని బ్రష్షుతో వెనకవైపు రుద్దమన్నాను. అమ్మేముందు నెల్లూరులో రాయిని పరీక్ష చేయించమన్నాను.

తర్వాతి ఆదివారం ఆమె ముక్కుపుడక పెట్టుకునే ఆరాధనకు వచ్చింది.