టీ ట్రీ నూనె బ్యాక్టీరియాను చంపుతుంది సరే, ఎంత శాతంలో?

ఫేస్‌వాష్ ట్యూబు మీదో షాంపూ సీసా మీదో ‘టీ ట్రీ’ అని కనబడితే, పక్కన శాతం ఎంతో వేశారా చూడండి. చాలావాటి మీద ఉండదు. ఆ అంకె లేనప్పుడు ‘బ్యాక్టీరియాను చంపుతుంది’ అన్న మాటను నమ్మలేం.

ఇది మనం తాగే టీ మొక్క నూనె కాదు. ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్‌లో చిత్తడి నేలల్లో పెరిగే మెలలూకా ఆల్టర్నిఫోలియా చెట్టు ఆకులకు ఆవిరి పట్టించి తీస్తారు. క్రిమిసంహారక శక్తిలో ఇది కార్బాలిక్ ఆమ్లానికి 11 రెట్లని 1920ల్లో సిడ్నీ రసాయన శాస్త్రవేత్త ఆర్థర్ పెన్‌ఫోల్డ్ లెక్కగట్టారు. అసలు పని చేసేది అందులోని టెర్పినెన్-4-ఓల్ అనే పదార్థం. ఐఎస్ఓ 4730 ప్రమాణం ప్రకారం నూనెలో అది 35–48% ఉండాలి. బ్యాక్టీరియా పొరలోకి దూరి దాన్ని దెబ్బతీస్తుంది. లోపలి పొటాషియం కారిపోయి కణం చస్తుంది.

ఎంత మోతాదు కావాలన్నది సూక్ష్మజీవిని బట్టి ఉంటుంది. ప్రయోగశాలలో ఈ. కొలైకి 0.25% చాలు. సెగ్గడ్డలు లేపే స్టెఫైలోకాకస్ ఆరియస్‌కు 0.5–1.25% కావాలి. సూడోమోనాస్ మహా మొండిది, 1 నుంచి 8% దాకా తట్టుకుంటుంది. లోపలికి వచ్చిన పదార్థాన్ని బయటికి తోడిపోసే ఏర్పాటు దానికుంది.

మరి మనిషి ఒంటి మీద? 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మొటిమల బాధితుల మీద 5% టీ ట్రీ జెల్‌ను, 5% బెంజాయిల్ పెరాక్సైడ్ మందును పోల్చి చూశారు. రెండూ మొటిమలు తగ్గించాయి. టీ ట్రీ నెమ్మదిగా పని చేసింది, కానీ ఇబ్బందులు తక్కువ. 2004లో బ్రిటన్‌లో వెలువడిన అధ్యయనం ఇంకా విలువైనది. మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ బ్యాక్టీరియా ఒంటి మీద ఉన్న 236 మందిని తీసుకుంటే, టీ ట్రీ వాడినవారిలో 41%, మామూలు చికిత్స పొందినవారిలో 49% మందికి అది పోయింది. ముక్కులో మాత్రం మామూలు చికిత్సలోని ముపిరోసిన్ మందుతో 78% మందికి, టీ ట్రీతో 47% మందికి పోయింది. చర్మం మీద టీ ట్రీదే పైచేయి. ఒకే నూనె, ఒకే బ్యాక్టీరియా, చోటు మారితే ఫలితం మారింది!

కనుక చర్మం పైపై సమస్యలకు ఇది పనికొస్తుంది, యాంటీబయాటిక్‌కు బదులు మాత్రం కాదు. మూత తీసి చాన్నాళ్లుంచిన నూనె గాలి తగిలి పాడై అలర్జీ తెస్తుంది. వాడేముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒక రోజు ఆగండి. ఎట్టి పరిస్థితుల్లోనూ తాగకండి. 10 మిల్లీలీటర్ల లోపు మింగిన పసిపిల్లలు కూడా మగతలోకి జారి, నడక తడబడిన సందర్భాలున్నాయి. సీసాను పిల్లలకు అందకుండా పెట్టండి. చీము పట్టిన పుండైతే డాక్టరుకు చూపించండి.