పన్ను లేని ఊరు ఎక్కడుంది?

జీతంలో పన్ను కోత చూసుకున్నప్పుడో, ఏళ్ల తరబడి పూడ్చని గుంతలో బండి దిగబడ్డప్పుడో మనలో చాలామందికి ఒక ప్రశ్న వస్తుంది. అసలు ప్రభుత్వమే లేకపోతే ఏమవుతుంది? బలవంతపు పన్ను లేకుండా ఎవరి పనులు వాళ్లు చేసుకుంటూ బతకలేమా? కోపంలో పుట్టినా ఇది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. దీని చుట్టూ పేరుకున్న అపోహలు మాత్రం చాలా ఉన్నాయి. ప్రభుత్వాన్ని వద్దనేవాళ్లవే కాదు, వెనకేసుకొచ్చేవాళ్లవి కూడా. అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను.

అపోహ: ప్రభుత్వం లేకపోతే తెల్లారేసరికి మనుషులు ఒకరినొకరు నరుక్కుంటారు.

వాస్తవం: చరిత్ర అలా చెప్పడం లేదు. ఐస్‌లాండ్‌లో 930లో ఆల్థింగ్ అనే సభ ఏర్పడింది. అప్పటినుంచి మూడు శతాబ్దాలకు పైగా ఆ దీవికి రాజు లేడు, సైన్యం లేదు, పోలీసులు లేరు. చట్టం ఉంది, న్యాయస్థానాలు ఉన్నాయి. చట్టాన్ని కంఠస్థం చేసి, ఏటా మూడో వంతు చొప్పున సభలో వినిపించే పెద్ద ఒకాయన ఉండేవాడు. రైతులు తమకు నచ్చిన నాయకుణ్ణి ఎంచుకోవచ్చు, నచ్చకపోతే మారవచ్చు. తీర్పు మాత్రం గెలిచినవాడే అమలు చేసుకోవాలి. బలం లేనివాడు బలమున్నవాడి పంచన చేరాల్సిందే.

మనుషులు రాజు లేకుండానే కట్టుబాట్లు ఏర్పరచుకోగలరన్నది నిజం. అయితే కథ అక్కడ ఆగలేదు. 1097 ప్రాంతంలో చర్చి కోసం ఆస్తి మీద తప్పనిసరి పన్ను వచ్చింది. పదమూడో శతాబ్దానికి అధికారమంతా కొన్ని కుటుంబాల చేతుల్లోకి చేరింది. వాళ్ల మధ్య దశాబ్దాల పాటు యుద్ధాలు సాగాయి. చివరికి 1262–64 మధ్య ఐస్‌లాండ్ వాసులు నార్వే రాజును ఒప్పుకున్నారు, ఆయనకు పన్ను కట్టడానికీ ఒప్పుకున్నారు. వాళ్ల మూడు వందల ఏళ్లను తక్కువ చేయను. కానీ నలుగురి చేతుల్లో పోగుపడే బలాన్ని ఆపే దారి వాళ్లకు దొరకలేదు.

అపోహ: మన పల్లెలు ఎవరి బలవంతమూ లేకుండా, ఇష్టపూర్వకంగా నడిచేవి.

వాస్తవం: ఇది మనకు చాలా ఇష్టమైన అపోహ. దీన్ని పరీక్షించడానికి మన దగ్గరే ఒక మంచి ఆధారం ఉంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలువ కింది ఊళ్లను దగ్గరుండి చూసి, 1988లో ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో ముఖ్యమైన ఊరికి కొత్తపల్లె అని మారుపేరు పెట్టాడు. ఆ ఊళ్లో చట్టబద్ధమైన పంచాయతీతో సంబంధం లేని ఊరి పెద్దల మండలి ఒకటి ఉండేది. పంట కాపాడడానికి పొలం కావలివాళ్లను, నీళ్లు కొరవడే రోజుల్లో వంతుల ప్రకారం మళ్లు తడిపే మనుషులను అదే నియమించేది. దానికి సొంత నిధి ఉంది. కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మందలు మేపుకునే హక్కు వంటివి వేలం వేసి డబ్బు కూడబెట్టేవాళ్లు.

ఇదంతా ప్రభుత్వ ఆజ్ఞతో జరిగింది కాదు. పన్ను లేని వ్యవస్థ మాత్రం ఎంతమాత్రమూ కాదు. నీళ్లు కట్టే మనిషికి ఎకరానికి ఇంత అని ప్రతి రైతూ ఇవ్వాలి. ‘నా మడి నేనే చూసుకుంటాను, నేనివ్వను’ అంటే కుదరదు. పశువు పక్క చేలో పడితే జరిమానా. వంతు తప్పి నీళ్లు మళ్లిస్తే జరిమానా. అందరి దగ్గరా తీసుకుంటేనే ఎవరైనా ఇస్తారని ఆ ఊరివాళ్లకు తెలుసు. ఒక్కణ్ణి వదిలేస్తే మర్నాడు పదిమంది తయారవుతారు.

వేడ్ గమనించిన మరో సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. అన్ని ఊళ్లూ ఇలా కూడలేదు. కాలువ పై భాగంలో నీళ్లు పుష్కలంగా ఉన్నచోట ఈ ఏర్పాట్లు పెద్దగా కనిపించలేదు. చివరి భూములకు నీళ్లు చేరని చోటే మండళ్లు, నిధులు బలంగా ఉన్నాయి. అంటే మంచితనం కన్నా అవసరమే వాళ్లను కలిపింది. పైగా ఆ కాలువ ప్రభుత్వానిది. నీళ్లు తమవైపు రావడం కోసం అధికారుల చేతులు తడపడానికి కూడా ఊరి నిధి వాడేవాళ్లు. ఊరు ఎంత కట్టుగా ఉన్నా, కాలువ పైన ఏం జరగాలో అది శాసించలేదు.

ఉమ్మడి వనరులను జనమే నిలబెట్టుకోగలరని చూపి 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్‌ను ‘ప్రభుత్వం అక్కర్లేదు’ అనడానికి సాక్ష్యంగా తెస్తుంటారు. ఆమె చెప్పింది అది కాదు. నిలిచిన ప్రతి వ్యవస్థలోనూ కాపలా, తప్పు చేస్తే క్రమంగా పెరిగే శిక్ష ఆమెకు కనిపించాయి. ఆ సంఘాల హక్కును పై ప్రభుత్వం గుర్తించడం కూడా ఆమె చెప్పిన షరతుల్లో ఒకటి.

అపోహ: చీరాల–పేరాల జనం పన్నే వద్దని ఊరు వదిలారు.

వాస్తవం: పన్ను గురించి తెలుగువాళ్లు చేసిన పోరాటాల్లో ఇంత గొప్పది నాకు మరొకటి కనబడదు. అందుకే దాన్ని తప్పుగా గుర్తుంచుకుంటే బాధగా ఉంటుంది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి బ్రిటిష్ ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. ఎక్కువమంది నేతపనివాళ్లు, చిన్న బతుకులు. పన్నుల భారం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగింది. మున్సిపాలిటీ మాకొద్దు, పాత పద్ధతే ఉంచండి అని మొరపెట్టుకుంటే వినలేదు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చినప్పుడు, హింస లేకుండా పోరాడే దారుల్లో ఊరు విడిచి వెళ్లడం కూడా ఒకటన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో పదిహేను వేలమందిలో సుమారు పదమూడు వేలమంది ఇళ్లు వదిలి, మున్సిపల్ హద్దుల అవతల పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు పెట్టారు. ఎండలకు, వానలకు ఓర్చుకుని దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

ఆ పదకొండు నెలలు వాళ్లు పాలన లేకుండా బతకలేదు. తమ సభను తామే ఏర్పాటు చేసుకున్నారు. తగాదాలు తీర్చుకోవడానికి పంచాయతీ పెట్టుకున్నారు. గోపాలకృష్ణయ్య ఏర్పాటు చేసిన రామదండు వాలంటీర్లు క్రమశిక్షణ చూశారు. వాళ్లు తిరస్కరించింది తమ మాట వినని పాలననూ, తమను అడగకుండా మోపిన పన్నునూ. రామనగర్‌ను నడిపినది మాత్రం విరాళాలే. ఆ బలహీనత బయటపడటానికి ఎక్కువ కాలం పట్టలేదు. గోపాలకృష్ణయ్య బరంపురంలో అరెస్టై ఏడాది జైలుకు వెళ్లాక నాయకత్వమూ సన్నగిల్లింది, నిధులూ సన్నగిల్లాయి. జనం ఇళ్లకు తిరిగి వచ్చారు, మున్సిపాలిటీ అలాగే ఉండిపోయింది. వాళ్ల ధైర్యంలో లోపం లేదు. పదమూడు వేలమంది బతుకును చందాల మీద ఏళ్ల తరబడి నడపడం ఎవరివల్లా కాదు.

అపోహ: ప్రభుత్వం పోతే పన్నూ పోతుంది.

వాస్తవం: పోదు, వసూలు చేసేవాడు మారతాడు. సొమాలియాలో 1991లో ప్రభుత్వం కూలిపోయాక కూడా పశువుల వ్యాపారం సాగింది, టెలిఫోన్ కంపెనీలు చకచకా ఎదిగాయి, హవాలా ద్వారా విదేశాల నుంచి డబ్బు వచ్చింది. ఈ సంగతులు నిజమే. అదే దేశంలో రోడ్ల మీద ముఠాలు అడ్డంకులు పెట్టి లారీకి ఇంత అని గుంజుకున్నాయి. అల్ షబాబ్ అనే సాయుధ సంస్థ నేటికీ వ్యాపారుల దగ్గర, రోడ్ల మీద వసూలు చేస్తూనే ఉంది. ఆ వసూలుకు లెక్క అడిగేవాడు లేడు.

మనకు సొమాలియా దాకా వెళ్లక్కర్లేదు. నిజాం రాజ్యంలో సుమారు మూడో వంతు జాగీర్ల కింద ఉండేది. పెద్ద జాగీర్లకు సొంత పోలీసు, సొంత కోర్టు ఉండేవి. మిగతా చోట్ల దేశ్‌ముఖ్‌ల మాటే చట్టం. దొర ఇంట్లో పెళ్లి అయితే ఊరంతా కానుకలు ఇవ్వాలి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కూలి లేకుండా వెట్టి చేయాలి. పాలన ప్రైవేటు చేతుల్లో ఉంటే ఎలా ఉంటుందో తెలంగాణ పల్లెలు తరాల పాటు అనుభవించాయి. రశీదు లేని, హద్దు లేని పన్ను వెట్టి. 1949లో జాగీర్లు రద్దు చేయడానికి చట్టం కావలసి వచ్చింది, ఆ చట్టం వెనుక ప్రజల సాయుధ పోరాటం ఉంది. ప్రభుత్వం లేకపోవడమే స్వేచ్ఛ అనేవాళ్లు ఒక్కసారి ఆ తరం వాళ్ల జ్ఞాపకాలు చదవాలని నా మనవి.

అపోహ: మంచి మనసున్నవాళ్ల విరాళాలు చాలు.

వాస్తవం: 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పదివేల మంది దాకా చనిపోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి తిరిగితే జనం చేతికందింది ఇచ్చారు. దాతృత్వానికి అంతకన్నా ఏం కావాలి? కానీ విరాళం వచ్చేది శవాలు తేలాకే. విశాఖ, మచిలీపట్నం రాడార్లు, తుపాను షెల్టర్లు, ముందురోజే జనాన్ని తరలించే యంత్రాంగం ప్రమాదం రాకముందు ఉండాలి. తుపాను రాని ఏడాది కూడా వాటికి డబ్బు కావాలి. ఆ హెచ్చరికను చందా కట్టినవాళ్లకే వినిపించి, కట్టనివాళ్లకు దాచలేం, దాచకూడదు కూడా. అందుకే అది ఉమ్మడి ఖర్చు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకేముందు లక్షలమందిని తరలించారు. రెండు తుపానుల స్వభావం ఒకటి కాదు, నిజమే. అయినా ముందుగా తెలియడం ఎన్ని ప్రాణాలు నిలిపిందో తీరం ఊళ్లవాళ్లను అడిగితే చెబుతారు.

అపోహ: గల్ఫ్ దేశాల్లో పన్నే లేదు, అయినా బాగున్నాయి.

వాస్తవం: జీతం మీద పన్ను లేదు. ఖజానాను చమురు నింపుతుంది కాబట్టి. సౌదీ, యూఏఈ 2018లో 5 శాతం వ్యాట్ మొదలుపెట్టాయి, సౌదీ 2020లో దాన్ని 15 శాతం చేసింది. సౌదీ ప్రభుత్వం కుటుంబంతో ఉండే పరదేశీల మీద 2017లో కుటుంబసభ్యుల తలకు నెలకు 100 రియాళ్ల రుసుము వేసి, ఏటా పెంచుకుంటూ పోయింది. జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లినవాళ్లకు ఇది తెలియనిది కాదు.

అపోహ: పన్ను కట్టేది ఆదాయపు పన్ను కట్టేవాళ్లే, మిగతా జనం తినేవాళ్లు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. సబ్బు కొన్న కూలిమనిషి జీఎస్టీ కడుతుంది. ఆటో డ్రైవర్ పెట్రోలు మీద కేంద్రానికి ఎక్సైజు సుంకం, రాష్ట్రానికి వ్యాట్ కడతాడు. మందు సీసా మీద వచ్చే రాబడి రెండు తెలుగు రాష్ట్రాల ఖజానాకూ ఎంత పెద్ద ఆధారమో అందరికీ తెలుసు, అందులో పెద్ద భాగం పేదల జేబుల్లోంచే వస్తుంది. వాళ్లకు రశీదు ఉండదు, రిటర్ను ఉండదు, అంతే తేడా.

ఇలా పన్ను కట్టే అందరికీ లెక్క అడిగే హక్కు ఉంది, దానికి దారీ ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో గ్రామసభ చేసే సామాజిక తనిఖీకి 17వ సెక్షన్ చోటిచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే దాన్ని ఊరూరా మొదలుపెట్టి, దేశంలో ముందు నిలిచింది. కూలీల హాజరు పట్టీ అయిన మస్టర్ రోలును ఆ సభలో పైకి చదువుతారు. చేయని పనికి తన పేరు మీద కూలి ఎవరు తీసుకున్నారో వేలిముద్ర వేసే మనిషి కూడా లేచి నిలబడి అడగవచ్చు. తిన్న సొమ్ము కక్కించిన సందర్భాలు ఉన్నాయి, రాజకీయ ఒత్తిడికి ఆగిపోయినవీ ఉన్నాయి. ఆ తనిఖీ ఇంకా ప్రభుత్వ ఖర్చులన్నింటికీ విస్తరించలేదు. మున్సిపాలిటీ వేసే రోడ్డుకు, పంచాయతీ ఇంటి పన్నుకు, కాలువ మరమ్మతుకు కూడా అలాంటి బహిరంగ లెక్క కావాలి. పన్ను రద్దు చేయమనే కోపం ఎవరికైనా ఉంటే, ఆ కోపంతో మీ వార్డు సభకో గ్రామసభకో వెళ్లి, గుంత పూడ్చడానికి మంజూరైన డబ్బు ఏ తేదీన ఎవరికి ఇచ్చారో అడగండి.