చితి కోరిన నేతకు రాతి మందిరం

వియత్నాం రాజధాని హనోయ్‌లో, బాదిన్ మైదానం దగ్గర పొద్దున్నే పెద్ద క్యూ కడుతుంది. తిరుమల కంపార్టుమెంట్లకు అలవాటుపడ్డ తెలుగువాళ్లకు ఇదో లెక్క కాదు. నిక్కర్లు, చేతుల్లేని చొక్కాలు వేసుకొస్తే రానివ్వరు. లోపల టోపీ తీయాలి, మాట్లాడకూడదు, ఫొటోలు తీయకూడదు. జేబుల్లో చేతులు పెట్టుకుని నడిచినా తెల్ల యూనిఫాంలో ఉన్న కాపలా సైనికుడు ఊరుకోడు. బయట ఎండ మండిపోతున్నా లోపల చలి వేస్తుంది. మెట్లెక్కి మలుపు తిరిగితే మసక వెలుతురులో ఒక గాజు పేటిక, అందులో పల్చటి తెల్ల గడ్డంతో వియత్నాం స్వాతంత్ర్య నేత హో చి మిన్ దేహం. ఆగనివ్వరు. వరుస కదులుతూనే ఉంటుంది, నిమిషమో రెండు నిమిషాలో గడిచేసరికి మళ్లీ ఎండలో ఉంటారు.

ఇంత ఘనంగా జరిగే ఈ దర్శనం ఆయన కోరుకున్నది కాదు.

తనను దహనం చేయాలని, చితాభస్మాన్ని మూడు భాగాలు చేసి ఉత్తర, మధ్య, దక్షిణ ప్రాంతాల్లో ఒక్కో కొండ మీద ఉంచాలని హో చి మిన్ వీలునామాలో రాశారు. యుద్ధం గెలిచాక రైతులకు ఏడాదిపాటు వ్యవసాయ పన్ను మాఫీ చేయమనీ అడిగారు. 1969లో కమ్యూనిస్టు పార్టీ ఆ వీలునామాను ప్రకటించినప్పుడు ఈ రెండు ముచ్చట్లూ అందులో లేవు. 1989 దాకా బయటికి రాలేదు. చనిపోయిన తేదీదీ ఇదే కథ. ఆయన కన్నుమూసింది 1969 సెప్టెంబరు 2 ఉదయం 9:47కు. అది సరిగ్గా స్వాతంత్ర్య దినోత్సవం. పండగపూట చావు కబురు ఎలా చెప్పడమని అధికారికంగా సెప్టెంబరు 3గా ప్రకటించారు. అసలు తేదీ కూడా 1989లోనే ఒప్పుకున్నారు.

పార్టీ దేహాన్ని దహనం చేయకుండా ఎందుకు ఉంచిందో ఊహించడం కష్టమేమీ కాదు. అప్పటికి దేశం రెండు ముక్కలుగా ఉంది, దక్షిణాన అమెరికాతో యుద్ధం నడుస్తోంది. విడిపోయిన దక్షిణాదివాళ్లు ఏదో ఒకరోజు వచ్చి తమ నాయకుణ్ణి చూసుకోవాలన్నది నాయకత్వం చెప్పిన మాట. కారణం ఎంత బలమైనదైనా, పోయినవాడి ఆఖరి కోరికను పక్కన పెట్టడం పక్కన పెట్టడమే.

దేహాన్ని కాపాడే పని లెనిన్ భౌతికకాయాన్ని చూసుకునే సోవియట్ నిపుణులు చేపట్టారు. బాంబుల భయంతో హనోయ్‌కి దూరంగా, కొండల మధ్య ఒక రహస్య స్థావరంలో దాచారు. 1970 నవంబరులో అమెరికా కమాండోలు తమ ఖైదీలను విడిపించుకోవడానికి సోన్ తే శిబిరం మీద దాడి చేశారు. అక్కడ ఖైదీలు దొరకలేదు కానీ, ఆ స్థావరం చుట్టుపక్కలే కావడంతో దేహాన్ని హడావిడిగా హనోయ్‌కి తరలించారు. మరుసటి ఏడు ఎర్రనదికి వరదలొస్తే మళ్లీ ప్రయాణం. బతికినన్నాళ్లూ ఊళ్లూ పేర్లూ మారుస్తూ తిరిగిన మనిషికి పోయాక కూడా స్థిరంగా ఉండే యోగం పట్టలేదు. 1973 సెప్టెంబరు 2న మందిరం పని మొదలుపెట్టి, 1975 ఆగస్టు 29న ప్రారంభించారు. ఆ ఏప్రిల్‌లోనే సైగాన్ పడిపోయి యుద్ధం ముగిసింది.

మాస్కోలోని లెనిన్ సమాధి దీనికి నమూనా. 21.6 మీటర్ల ఎత్తు, బూడిదరంగు రాయి, చతురస్రపు స్తంభాలు. 1945 సెప్టెంబరు 2న హో స్వాతంత్ర్య ప్రకటన చదివింది ఈ బాదిన్ మైదానంలోనే. ఫ్రెంచివాళ్లను దేశం నుంచి వెళ్లగొట్టే ఆ ప్రకటనను ఆయన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, ఫ్రెంచి విప్లవపు హక్కుల పత్రం చెప్పిన మాటలతోనే మొదలుపెట్టారు. వాళ్ల కర్రతో వాళ్లనే కొట్టడమంటే ఇదే.

చాలామంది ఇక్కడితో సరిపెట్టుకుని టాక్సీ ఎక్కేస్తారు. అది పొరపాటు. హో చి మిన్ అంటే ఏమిటో తెలిసేది మందిరం వెనక తోటలో. ఫ్రెంచి గవర్నర్ జనరల్ కోసం 1906లో పూర్తయిన పసుపురంగు భవంతి అక్కడుంది. 1954లో అధ్యక్షుడిగా హనోయ్‌కి తిరిగొచ్చినప్పుడు అందులో ఉండనన్నారాయన. అదే ఆవరణలో ఒకప్పుడు ఎలక్ట్రీషియన్ కాపురమున్న చిన్న ఇంట్లో దిగారు. 1958లో చెరువు గట్టున ఒక చెక్క ఇల్లు కట్టారు. కొండప్రాంతాల గిరిజనుల పద్ధతిలో, గుంజల మీద లేచిన ఇల్లు. పైన రెండే గదులు, ఒకటి పడుకోవడానికి, ఒకటి చదువుకోవడానికి. కింద గోడల్లేని చోట పొడవాటి బల్ల, చుట్టూ కుర్చీలు. ఒక యుద్ధానికి సంబంధించిన నిర్ణయాలు ఈ బల్ల దగ్గర జరిగాయంటే నమ్మబుద్ధి కాదు. పంచాయతీ ఆఫీసులో సామాను ఇంతకన్నా ఎక్కువుంటుంది.

సోమ, శుక్రవారాల్లో మందిరం తెరవరు, మిగతా రోజుల్లోనూ పొద్దుటి పూట మాత్రమే దర్శనం. దేహాన్ని భద్రపరిచే పనుల కోసం ఏటా కొన్ని వారాలు పూర్తిగా మూస్తారు. టికెట్లు తీసుకునే ముందు ఆ తేదీలు చూసుకోవాలి.

భారతీయులు మరో అడుగు ముందుకేసి పశ్చిమ సరస్సు ఒడ్డున ఉన్న త్రాన్ క్వోక్ పగోడానూ చూడొచ్చు. 1958లో హో మన దేశం వచ్చి వెళ్లారు. మరుసటి ఏడు రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ హనోయ్ వెళుతూ ఒక బోధివృక్షపు మొక్కను తీసుకెళ్లారు. ఆ చెట్టు ఇప్పటికీ అక్కడుంది. మన దగ్గర హో గుర్తు మరోలా మిగిలింది. యుద్ధం రోజుల్లో కలకత్తాలో హారింగ్టన్ స్ట్రీట్ పేరు తీసేసి హో చి మిన్ సరణి అని పెట్టారు. ఆ వీధిలోనే అమెరికా కాన్సులేట్ ఉంది. చిరునామాలో ఇప్పటికీ ఆ పేరే రాసుకుంటున్నారు.